తమ్ముడు కంబోడియాలో చిక్కుకున్నాడు... ఏజెంటు దగ్గర డబ్బు తీసుకుని ఊరుకోవాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఓ పల్లె. నాన్న లేరు. తమ్ముడికి 24 ఏళ్లు, డిగ్రీ చదివాడు. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకు రూ.70 వేలు జీతం అని చెప్పి ఓ ఏజెంటు రూ.1.60 లక్షలు తీసుకున్నాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఇచ్చాం. వైజాగ్‌లో విమానం ఎక్కి బ్యాంకాక్ మీదుగా వెళ్లాడు. దిగిన రోజే పాస్‌పోర్టు లాక్కున్నారట. అమ్మాయిల ఫొటోలు పెట్టుకుని మన దేశంవాళ్లతోనే చాటింగ్ చేసి, పెట్టుబడి పేరుతో డబ్బు లాగడం అక్కడి పని. టార్గెట్ రాకపోతే తిండి ఆపేస్తున్నారు, ఒకసారి కొట్టారు కూడా. ఇంటికి పోతానంటే 4 వేల డాలర్లు కట్టమంటున్నారు. ఏజెంటుని అడిగితే ‘ఏడాది అగ్రిమెంటు, ఓపిక పట్టమను’ అంటున్నాడు. స్టేషన్‌కు వెళ్తే ‘ఇష్టపడే వెళ్లాడు కదమ్మా, అక్కడ జరిగింది మా పరిధి కాదు. ఏజెంటుని పిలిచి డబ్బు ఇప్పిస్తాం’ అన్నారు. తీసుకుని ఊరుకోవాలా? తమ్ముడు తిరిగొస్తే వాడి మీదే కేసు పెడతారని ఊళ్లో భయపెడుతున్నారు. ప్రభుత్వం నుంచి సాయం ఏమైనా ఉంటుందా? మా పక్క ఊరి కుర్రాళ్లు ఇద్దరు ఇదే ఏజెంటుతో వచ్చే నెల బయల్దేరుతున్నారు. – ఒక అక్క

సమాధానం: ఊరుకోకండమ్మా. మీ డబ్బు మీకు రావాల్సిందే, ఆ సంగతి తర్వాత చెబుతాం. కానీ ఇప్పుడు స్టేషన్లో బల్ల దగ్గర రాజీ కుదిరితే ఇది డబ్బు తగాదాగా ముగుస్తుంది. మీ తమ్ముడి పేరు ఎక్కడా బాధితుడిగా నమోదు కాదు. అతని మీద కేసు భయం, ప్రభుత్వ సాయం, ఏజెంటుకు శిక్ష... ఈ మూడూ ఒక్కదాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఎఫ్‌ఐఆర్‌లో ‘మోసం’ అని మాత్రమే రాశారా, ‘మనుషుల అక్రమ రవాణా’ అని కూడా రాశారా అన్నదే అసలు విషయం.

అంతకన్నా ముందు ఇవాళే చేయాల్సిన పని ఇంకోటి ఉంది. విదేశాంగ శాఖ సాయం అడగడానికి ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు. కేసు కట్టాక ఎంబసీకి రాద్దాంలే అని వారాల తరబడి ఆగిపోయే కుటుంబాలు చాలా ఉన్నాయి. మీరు ఆగొద్దు. రెండు పనులూ ఒకేసారి మొదలుపెట్టండి.

విదేశాంగ శాఖవారి ‘మదద్’ పోర్టల్‌లో మీ ఫోన్ నంబరు, మెయిల్‌తో ఖాతా తెరిచి ఫిర్యాదు నమోదు చేయండి. ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు వేసి, కంబోడియా రాజధాని నాంపెన్‌లోని భారత రాయబార కార్యాలయం (ఎంబసీ) కాన్సులర్ విభాగానికి మెయిల్ పంపండి. మెయిల్ చిరునామా, అత్యవసర ఫోన్ నంబరు ఎంబసీ సొంత వెబ్‌సైట్‌లోంచే తీసుకోండి. ఫేస్‌బుక్ గ్రూపుల్లో ‘మీవాడిని నెలలో బయటికి తెస్తాం’ అంటూ కనిపించే నంబర్ల జోలికి పోవద్దు. కుటుంబం కంగారులో ఉందని తెలిసి రెండోసారి డబ్బు లాగేవాళ్లు అక్కడే కాచుకుని ఉంటారు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090, ఏ వేళైనా పలుకుతుంది. తెలుగులో చెప్పుకోవాలంటే రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది. ఫోన్ 0863 2340678, వాట్సాప్ 85000 27678. వాళ్లు కూడా ఎంబసీకి రాస్తారు. శ్రీకాకుళం ఎంపీ కె.రామ్మోహన్‌నాయుడు ప్రస్తుతం కేంద్ర మంత్రి కూడా. ఆయన కార్యాలయంలో మదద్ నంబరుతో సహా ఓ అర్జీ ఇవ్వండి. నంబరు లేకుండా ఇచ్చే అర్జీకి ‘చూస్తాం’ అన్న మాట తప్ప ఇంకేమీ రాదు.

ఎంబసీకి రాసే మెయిల్‌లో ఏముండాలన్నది చాలా ముఖ్యం, ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ‘మా తమ్ముడిని కాపాడండి, వాడు కంబోడియాలో ఉన్నాడు’ అని రాస్తే ఎంబసీ చేయగలిగింది దాదాపు శూన్యం. ఎంబసీ అధికారులు ఆ భవనంలోకి వెళ్లలేరు. వివరాలు అక్కడి పోలీసులకు పంపుతారు, వాళ్లు వెళ్లి అడగాలి. ఒక్కో ప్రాంగణంలో వందల మంది ఉంటారు, అందరికీ కంపెనీ పెట్టిన మారుపేర్లే. గేటు దగ్గర అసలు పేరు చెబితే ‘అలాంటివాడు ఇక్కడ లేడు’ అని పంపేస్తారు. అందుకని పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తి పేరు, పాస్‌పోర్టు నంబరు, ఇటీవలి ఫొటో, అక్కడ పిలిచే మారుపేరు, ఊరు, భవనం పేరు లేదా బయట కనిపించే బోర్డు, ఎన్నో అంతస్తు, గది నంబరు, వాట్సాప్‌లో పంపిన లొకేషన్, అక్కడ వాడుతున్న ఫోన్ నంబరు... ఇవన్నీ ఒకే మెయిల్‌లో ఉండాలి. పాస్‌పోర్టు కాపీ ఇంట్లో లేకపోతే అతను దరఖాస్తు చేసిన మెయిల్ ఐడీ తెరిచి చూడండి. విమానం టికెట్ మీద కూడా ఒక్కోసారి పాస్‌పోర్టు నంబరు ఉంటుంది.

ఇలాంటి ముఠాలు ఎక్కువగా సిహనౌక్‌విల్‌లో, థాయ్‌లాండ్ సరిహద్దులోని పోయిపెట్‌లో, వియత్నాం సరిహద్దులోని బావెట్‌లో ఉన్నాయి. కంపెనీలు మనుషుల్ని ఒకదాన్నించి ఇంకోదానికి అమ్ముకుంటాయి, రాత్రికి రాత్రి భవనం మారుస్తాయి. అతను చోటు మారిన ప్రతిసారీ పాత మదద్ నంబరు మీదే కొత్త వివరం చేర్చండి, కొత్త ఫిర్యాదు పెట్టొద్దు. సరిహద్దు దాటించి మయన్మార్ తీసుకెళ్తే యాంగోన్ ఎంబసీకి, లావోస్ తీసుకెళ్తే వియెంటియాన్ ఎంబసీకి వెంటనే రాయాలి.

తమ్ముడితో మాట్లాడేటప్పుడు జాగ్రత్త. అక్కడ ఫోన్లు తనిఖీ చేస్తారు. ‘పోలీసు కంప్లైంట్ ఇచ్చాం’, ‘ఎంబసీకి రాశాం’ అని మెసేజ్ పెట్టొద్దు. అతను ఫోన్ చేసినప్పుడు మాటల్లో మాత్రమే చెప్పండి, అదీ మన ఇంటి మాటల్లో. ‘కొబ్బరికాయలు దింపించాం’ అంటే ఫిర్యాదు అయిపోయిందని అర్థం అని ముందే అనుకోవచ్చు. లొకేషన్ పంపిన వెంటనే అతని ఫోన్లో తుడిచేయమనండి. మీ ఫోన్లో మాత్రం ఒక్క ముక్క కూడా తుడవొద్దు. బాల్కనీ దిగి పారిపోవాలని చూడొద్దని చెప్పండి, అలా దూకి కాళ్లు విరగ్గొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఎలాగోలా బయటపడితే మాత్రం సిహనౌక్‌విల్ నుంచి నాంపెన్ రెండు మూడు గంటల ప్రయాణమే. నేరుగా ఎంబసీకి చేరుకోమనండి.

ఆ 4 వేల డాలర్లు కట్టొద్దు. కట్టాక వదలకుండా ఇంకో కంపెనీకి అమ్మేసిన ఉదంతాలు ఈ దందాలో మామూలే. డబ్బు పంపుతారని తెలిస్తే అడిగే మొత్తం పెరుగుతుంది తప్ప తగ్గదు.

ప్రభుత్వం నిజంగా తీసుకొస్తుందా అన్న అనుమానం మీకు ఉండొచ్చు. 2024 మే నెలలో సిహనౌక్‌విల్‌లో మనవాళ్లు తిరగబడ్డారు. అప్పుడు మొదటి విడతగా 60 మందిని ఎంబసీ వెనక్కి పంపింది. విశాఖ పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేసి ఈ దందాను బయటపెట్టిందీ ఆ నెలలోనే. అదే ఏడాది ఆగస్టులో లావోస్ గోల్డెన్ ట్రయాంగిల్ నుంచి 47 మందిని విడిపించారు. 2025 మార్చిలో మయన్మార్ ముఠాల నుంచి బయటపడినవాళ్లను థాయ్‌లాండ్‌లోని మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో రెండు రోజుల్లో 549 మందిని తెచ్చారు. అంటే దారి ఉంది. కాకపోతే ఆ దారి నెమ్మది. బయటికి తీశాక కూడా అక్కడి ఇమిగ్రేషన్ నిర్బంధ కేంద్రంలో వారాలు ఉండాల్సి రావచ్చు. అమ్మగారికి ఇది ముందే చెప్పి ఉంచండి. ‘విడిపించారట’ అన్న కబురుకీ కొడుకు గుమ్మంలో కనిపించడానికీ మధ్య ఉండే ఆ రోజుల్లోనే ఇంట్లోవాళ్లు బాగా కుంగిపోతారు, ఏజెంటు మాటలకు లొంగేదీ అప్పుడే.

ఇక స్టేషన్ సంగతి. మీకు చెప్పిన రెండు మాటలూ చట్టం ముందు నిలవవు.

‘ఇష్టపడే వెళ్లాడు కదా’ అన్నారు. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ మనుషుల అక్రమ రవాణా గురించి చెబుతుంది. పాత ఐపీసీలో ఇదే 370. బెదిరించి, బలవంతంగా, మోసం చేసి, ఆశ చూపి, ఇలా ఏ పద్ధతిలోనైనా ఒకరిని దోపిడీ కోసం చేర్చుకున్నా, తరలించినా, దాచినా, అప్పగించినా, తీసుకున్నా నేరమే. బాధితుడు ఒప్పుకున్నాడా లేదా అన్నది లెక్కలోకి రాదని ఆ సెక్షన్ వివరణలోనే స్పష్టంగా ఉంది. డేటా ఎంట్రీ అని చెప్పి పంపడం మోసం. పాస్‌పోర్టు లాక్కుని, కొట్టి, తిండి ఆపి పని చేయించడం దోపిడీ. రెండూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. శిక్ష 7 ఏళ్లకు తగ్గకుండా 10 ఏళ్ల దాకా. ఒకరికంటే ఎక్కువ మందిని పంపి ఉంటే 10 ఏళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా. అందుకే ఇదే ఏజెంటు పంపిన ఇంకో కుటుంబం ఏదైనా చుట్టుపక్కల ఉందేమో వెతకండి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, ఇచ్ఛాపురం వైపు ఒకే ఏజెంటు ఒక్కడినే పంపి ఆగడం అరుదు. రెండో కుటుంబం దొరికితే కేసు బలమే మారిపోతుంది.

‘మా పరిధి కాదు’ అన్నారు. మాటిచ్చింది, డబ్బు తీసుకున్నది, టికెట్ చేతిలో పెట్టింది శ్రీకాకుళం జిల్లాలోనే. నేరంలో ఒక భాగం ఇక్కడ జరిగితే ఇక్కడి పోలీసులు కేసు కట్టొచ్చు. పోనీ వాళ్ల హద్దు కాదనుకున్నా, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకుని నమోదు చేయాలి. అదే జీరో ఎఫ్‌ఐఆర్.

ఫిర్యాదు నోటితో చెప్పి ఎదుటివాళ్లు రాసుకోవడానికి వదలొద్దు. మీరే రాసి రెండు కాపీలు తీసుకెళ్లండి. కథంతా కాకుండా మొదటి పేరా ఇలా ఉండాలి:

‘ఫలానా తేదీన ఫలానా వ్యక్తి మా ఇంటికి వచ్చి, కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకు రూ.70,000 జీతం అని అబద్ధం చెప్పి, నా తమ్ముడిని చేర్చుకుని, రూ.1,60,000 తీసుకుని, ఫలానా తేదీన విశాఖపట్నం విమానాశ్రయం నుంచి పంపాడు. అక్కడ నా తమ్ముడి పాస్‌పోర్టు లాక్కుని, నిర్బంధించి, కొట్టి, తిండి పెట్టకుండా, అతని ఇష్టానికి వ్యతిరేకంగా ఆన్‌లైన్ మోసాల పని చేయిస్తున్నారు. వదలడానికి 4,000 డాలర్లు అడుగుతున్నారు. ఇది మనుషుల అక్రమ రవాణా. భారతీయ న్యాయ సంహిత 143, 318(4) సెక్షన్లు, ఎమిగ్రేషన్ చట్టం 1983లోని 10, 24 సెక్షన్ల కింద కేసు నమోదు చేయాలని కోరుతున్నాను.’

318(4) అంటే మోసం, పాత 420. దాన్ని వదలొద్దు, దానితో సరిపెట్టుకోవద్దు. ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం కేంద్రం దగ్గర నమోదు కాని ఏజెంటు మనుషుల్ని విదేశీ ఉద్యోగాలకు పంపకూడదు. శిక్ష చిన్నదే, 2 ఏళ్ల దాకా. అయినా ఆ సెక్షన్ ఉంటే ఏజెంటుకు లైసెన్సు ఉందా లేదా అని పోలీసులు రాతపూర్వకంగా కనుక్కోక తప్పదు. ఇంకో మెలిక ఉంది. ఈ చట్టం కింద కేసు నడపాలంటే మామూలుగా కేంద్రం అనుమతి తీసుకోవాలి. ఫిర్యాదు చేసింది వెళ్లినవాడి తల్లో, అక్కో, అన్నదమ్ములో అయితే ఆ అనుమతి అక్కర్లేదు. అందుకని ఫిర్యాదుదారుగా మీరుగానీ అమ్మగారుగానీ సంతకం చేయండి. మాట్లాడటం వచ్చు కదా అని మేనమామ చేతో, ఊరి నాయకుడి చేతో పెట్టించొద్దు. వాళ్లు తోడుగా వస్తే చాలు.

ఎఫ్‌ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. అక్కడే, లేవకముందే, సెక్షన్ల గడి చూడండి. 143 లేకపోతే అప్పుడే అడగండి. కేసు కట్టేది లేదంటే, ఆ ఫిర్యాదునే పోస్టులో శ్రీకాకుళం జిల్లా ఎస్పీకి పంపండి. రిజిస్టర్డ్ పోస్టు రసీదు దాచుకోండి. ఇది మర్యాదకు రాసే ఉత్తరం కాదు, 173వ సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ చెప్పిన మెట్టు. ఆ మెట్టు ఎక్కి ఉంటేనే తర్వాత మేజిస్ట్రేట్ కోర్టును ఆశ్రయించడం తేలిక. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఎస్పీని నేరుగా కలిసి, కేసును జిల్లా మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి అప్పగించమని, ఏజెంటు దేశం దాటకుండా లుక్ఔట్ సర్క్యులర్ అడగమని రాతలో కోరండి. కేసు కట్టాక దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు పోలీసులే మీకు తెలియజేయాలి.

ఎస్పీ ఆఫీసు దాకా ఒంటరిగా వెళ్లడం భయమనిపిస్తే న్యాయ సేవాధికార సంస్థ తోడిస్తుంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం అక్రమ రవాణా బాధితులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. స్త్రీలకూ ఇవ్వాలి. కాబట్టి తమ్ముడు ఇంకా అక్కడే ఉన్నా, మీ పేరు మీదే మీరు అడగొచ్చు. శ్రీకాకుళం జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా సంస్థ ఉంది. ఫోన్ అయితే 15100.

సాక్ష్యం విషయంలో మీ దగ్గరున్న ఫోనే పెద్ద దస్తావేజు. ఏజెంటుతో, తమ్ముడితో నడిచిన వాట్సాప్ చాట్‌ను ఫొటోలు, వాయిస్‌లతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి. స్క్రీన్‌షాట్లు తీస్తే తేదీ, నంబరు కనిపించేలా తీయండి. పేరు మాత్రమే కనిపిస్తే అది ఎవరిదైనా కావచ్చు అంటారు. ఫోన్ మార్చడం, రీసెట్ చేయడం కేసు తేలేదాకా వద్దు. కోర్టుకు ఎలక్ట్రానిక్ సాక్ష్యం ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి, అది లాయరు చూసుకుంటారు. డబ్బు ఫోన్‌పేలో పంపి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని ఆ లావాదేవీల నంబర్ల కింద గీత గీయండి. చేతికిచ్చిన డబ్బయితే ఎవరెదురుగా ఇచ్చారో, ఎక్కడిచ్చారో ఇప్పుడే రాసిపెట్టుకోండి. అప్పు తెచ్చిన రోజు, నోటు మీది తేదీ కూడా పనికొస్తాయి. విమానం టికెట్ ఎవరి కార్డుతో కొన్నారన్నది చాలామంది పట్టించుకోరు గానీ, ఏజెంటు వెనక ఉన్న పెద్ద ఏజెంటు దొరికేది అక్కడే. టికెట్ మీదుండే పీఎన్‌ఆర్ (బుకింగ్) నంబరు ఫిర్యాదులో రాయండి.

కేసు కట్టారని తెలిసిన మర్నాడే ఏజెంటు తరఫున ఎవరో ఒకరు మీ ఇంటికి వస్తారు. డబ్బు ఇస్తాం, స్టాంపు పేపరు మీద ‘మాకు ఏ అభ్యంతరమూ లేదు’ అని సంతకం పెట్టండి అంటారు. 143 సెక్షన్ రాజీ కుదుర్చుకుని మూసేసే నేరం కాదు. డబ్బు తిరిగిస్తే బ్యాంకు ఖాతాలో వేయమనండి, ఆ సంగతి దర్యాప్తు అధికారికి చెప్పండి, కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. బెదిరిస్తే 112కు ఫోన్ చేయండి, తర్వాత అదే కేసులో అదనపు ఫిర్యాదు ఇవ్వండి.

తమ్ముడు తిరిగొచ్చే ఖర్చులు. పాస్‌పోర్టు దొరక్కపోతే ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, అది ఇంటికి రావడానికి ఒక్క ప్రయాణానికే చెల్లుతుంది. వీసా గడువు దాటి ఉంటే కంబోడియాలో రోజుకు 10 డాలర్ల చొప్పున జరిమానా పడుతుంది, నెలలు గడిస్తే అదే పెద్ద మొత్తం. టికెట్, జరిమానా కుటుంబం భరించలేని పరిస్థితిలో భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి ఎంబసీ సాయం చేయొచ్చు. అది అడగకపోతే రాదు. మొదటి మెయిల్‌లోనే ‘మాకు స్తోమత లేదు’ అని రాసి, రైస్ కార్డు కాపీ జతచేయండి.

తమ్ముడి మీదే కేసు పెడతారన్న మీ భయానికి వద్దాం. తిరిగొచ్చినవాళ్లను పోలీసులు, ఒక్కోసారి కేంద్ర సంస్థలు ప్రశ్నిస్తాయి. మనవాళ్ల డబ్బే పోయింది కనుక అది తప్పదు. ఏ కేసూ రాదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. అయితే అతను ఇంకా అక్కడ ఉండగానే ఇక్కడ నమోదైన 143 ఎఫ్‌ఐఆర్, ఎంబసీకి పంపిన తేదీలున్న మెయిళ్లు, దెబ్బల ఫొటోలు ఉంటే అతను ముఠా మనిషి కాదు, ముఠా బందీ అని చెప్పడానికి అంతకు మించిన సాక్ష్యం ఉండదు. వచ్చాక ఈ కాగితాలు వెతుక్కుంటే ఆ బలం రాదు. ‘డబ్బు తీసుకుని ఊరుకో’ అన్న సలహాలో అసలు నష్టం ఇదే.

విమానం దిగాక ఫోన్ పారేయొద్దని, సిమ్ విరిచేయొద్దని చెప్పండి. భయంతో చాలామంది అదే చేస్తారు, తర్వాత సాక్ష్యం మాయం చేశాడన్న మాట పడతారు. వాంగ్మూలం ఇచ్చే ముందు న్యాయ సేవల లాయరుతో ఒకసారి కూర్చోనివ్వండి. దాచకుండా చెప్పమనండి. కంపెనీ పేరు, టీమ్ లీడర్ల మారుపేర్లు, ఏ యాప్‌లు వాడించారు, ఎంతమంది తెలుగువాళ్లు ఇంకా అక్కడున్నారు, అన్నీ. మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం నమోదు చేయమని దర్యాప్తు అధికారిని అడగొచ్చు. అతని బ్యాంకు ఖాతాను కంపెనీ వాడుకుందేమో మీరు ఇప్పుడే చూడండి. పాస్‌బుక్ ప్రింట్ చేయించి, తెలియని జమలు ఉంటే బ్యాంకుకు రాసిచ్చి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చెప్పండి. టెలికం శాఖవారి సంచార్ సాథీ పోర్టల్‌లో అతని పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో తెలుస్తుంది. మీకు తెలియనివి ఉంటే అక్కడే ఆపించొచ్చు.

సాయం విషయంలో ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. మన రాష్ట్రంలోనైనా, కేంద్రంలోనైనా అక్రమ రవాణా బాధితుల కోసం కట్టిన వ్యవస్థంతా స్త్రీలు, పిల్లల చుట్టూ కట్టిందే. శక్తి సదన్ ఆశ్రయ గృహాలు, వన్‌స్టాప్ సెంటర్లు, మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లల హెల్ప్‌లైన్ 1098 అన్నీ వాళ్లకోసమే. అది అవసరమే, కానీ 24 ఏళ్ల కుర్రాడు దెబ్బలు తిని తిరిగొస్తే విమానాశ్రయంలో పేరు రాసుకుని పంపేయడమే ఎక్కువ. అతనికున్న గట్టి దారి బాధితుల పరిహార పథకం. నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్ కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దాన్ని నడుపుతుంది. కేసు తేలేదాకా ఆగక్కర్లేదు, నిందితులు దొరక్కపోయినా దరఖాస్తు పెట్టొచ్చు. రెండు నెలల్లో విచారించి తేల్చాలని చట్టం. ఎఫ్‌ఐఆర్, వైద్య రికార్డు, బ్యాంకు పాస్‌బుక్ జతచేయాలి. అందుకే వచ్చిన వెంటనే సోంపేటలోనో పలాసలోనో ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించి కాగితం తీసుకోండి. నెల తర్వాత వెళ్తే కమిలిన మచ్చలు కనిపించవు. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఇదే దోపిడీ మన దేశంలోపల, ఏ ఇటుక బట్టీలోనో, అడ్వాన్సు ఇచ్చి కట్టిపడేసిన పనిలోనో జరిగి ఉంటే దారి వేరు. అక్కడ ఆర్డీవో వెట్టి విముక్తి పత్రం ఇస్తే తక్షణ సాయం రూ.30 వేల దాకా, ఆ తర్వాత పునరావాసం కింద పురుషులకు రూ.1 లక్ష, స్త్రీలకు, పిల్లలకు రూ.2 లక్షలు, మరీ ఘోరమైన దోపిడీకి రూ.3 లక్షలు ఇచ్చే కేంద్ర పథకం ఉంది. మన జిల్లా నుంచి వలసపోయే కుటుంబాలకు ఇది తెలియడం అవసరం కాబట్టి ఇక్కడ ప్రస్తావించాం.

పక్క ఊరి కుర్రాళ్లిద్దరి సంగతి మాత్రం వచ్చే నెల దాకా ఆగదు. వాళ్ల వీసా కాగితం చూడమనండి. టూరిస్టు వీసా అని ఉంటే, లేదా ‘అక్కడ దిగాక వర్క్ వీసా చేయిస్తాం’ అంటే మిగతావేవీ అడగక్కర్లేదు. డిగ్రీ చదివినవాళ్లను పంపడం ఏజెంట్లకు ఎందుకు తేలికంటే, పదో తరగతి పాసైనవాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (విదేశీ ఉద్యోగానికి వెళ్లేముందు ప్రభుత్వం ఇచ్చే అనుమతి) అవసరం ఉండదు. పైగా కంబోడియా, లావోస్, మయన్మార్ ఆ క్లియరెన్స్ అడిగే 18 దేశాల జాబితాలో లేవు. అంటే దారిలో ఆపి అడిగే గేటే ఉండదు. కాబట్టి ఇంటి దగ్గరే చూసుకోవాలి. విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితా ఉంది. ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి అందులో వెతకాలి. నంబరు హైదరాబాద్‌లోని ఏదో కంపెనీదై, ఇతను ‘వాళ్ల మనిషిని’ అంటే కుదరదు, చట్టంలో సబ్ ఏజెంటు అనే పాత్ర లేదు. సేవా రుసుము రూ.30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంతకు మించి ఒక్క రూపాయి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. ఉద్దానంలో వెల్డింగ్, ఫిట్టర్ శిక్షణ ఇచ్చి గల్ఫ్ పంపుతామనే కేంద్రాలకూ ఈ లెక్కే వర్తిస్తుంది. శిక్షణ ఫీజు వేరు, వీసా పేరుతో లక్షలు వేరు.

ఆ ఇద్దరినీ, వాళ్ల తల్లిదండ్రులనూ మీ ఇంటికి పిలిచి తమ్ముడి మెసేజ్‌లు చూపించండి. ఏజెంటుకు ఇచ్చిన అడ్వాన్సు గురించి, అతను చెప్పిన మాటల గురించి వాళ్లు కూడా అదే స్టేషన్‌లో వాంగ్మూలం ఇస్తే, బయల్దేరకముందే మీ కేసులో సాక్షులవుతారు. ప్రయాణం రద్దు చేసుకుంటే ఏజెంటు అడ్వాన్సు తిరిగివ్వనంటాడు. ఆ మొత్తం కూడా ఫిర్యాదులో రాయించమనండి.